శ్రావణంలో ఒక వారం, ఇంటి నిండా పూజలు, ఒక్క కోడలు

ప్రశ్న: మాది నిత్యపూజ, మడి, ఏకాదశి పాటించే కుటుంబం. హైదరాబాద్‌లో ఉంటాము. నేను ఒక ప్రైవేటు సంస్థలో లెక్కల విభాగంలో పని చేస్తున్నాను. ఇంట్లో అత్తగారు, మామగారు, మావారు, ఏడో తరగతి చదివే మా పాప ఉన్నారు. గత మాఘంలో మా ఆడపడుచుకు పెళ్ళయింది. మొదటి సంవత్సరం మంగళగౌరీ నోము పుట్టింట్లోనే పట్టాలి కనుక శ్రావణమాసం పొడుగునా తను మా ఇంట్లోనే ఉంటుంది. ఈ 2025 ఆగస్టు 4 నుంచి 10 వరకు ఉన్న వారాన్ని తలుచుకుంటేనే నాకు గుండె దడగా ఉంది. సోమవారం మామగారు శివాలయంలో అభిషేకం చేయిస్తారు. మంగళవారం ఏకాదశి, అదే రోజు నోము. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, సాయంత్రం పాతికమంది పేరంటాళ్ళు. శనివారం జంధ్యాల పౌర్ణమి, రాఖీ. ఆదివారం మావారికి గాయత్రీ జపం, ఆ పైన బంధువులకు భోజనాలు. ఆఫీసులో నెల లెక్కలు ఏడో తేదీ లోపల ముగించాలి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, షుగరు వ్యాధి ఉన్నాయి, ఎక్కువసేపు నిలబడలేరు. జులై 29న మొదటి మంగళవారం నోము కథ వింటూ కూర్చున్నచోటే నిద్రపోయాను. ఎవరో తట్టి లేపితే సిగ్గుతో చచ్చిపోయాను, ఆ కోపమంతా రాత్రి మావారి మీద చూపించాను. అమ్మవారి కథ వింటూ నిద్రపోవడం దోషమా? వ్రతాలు మానడానికి నా మనసు ఒప్పుకోదు, ఇలా చేయడానికీ ఒప్పుకోవడం లేదు. అత్తగారికి ఈ మాట ఎలా చెప్పాలి?
— ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ముందుగా మీ నిద్ర సంగతి చెప్పి ఆ బరువు దించేస్తాను. ఏ పూజ చివరనైనా "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం" అని మొదలయ్యే క్షమాప్రార్థన ఉంటుంది. తప్పు జరిగినవారు మాత్రమే చదవాలని దానికి నియమం లేదు, ప్రతివారూ ప్రతిసారీ చదువుతారు. మంత్రం తప్పుతుందనీ, క్రియ తప్పుతుందనీ, మనసు సైతం నిలవదనీ ముందే ఊహించి పెద్దలు పెట్టిన ఏర్పాటు అది. తెల్లవారుజామున లేచి, వంట ముగించి, ఖాళీ కడుపుతో పీట మీద కూర్చున్న మనిషికి దీపాల వేడికి రెప్ప వాలడం శరీరధర్మం. ఆ ఒక్క మాటతో ఆ అధ్యాయం ముగిసింది. మీవారి మీద చూపిన కోపం గురించి మాత్రం ఇంకొంచెం మాట్లాడుకోవాలి, ఎందుకంటే అందులో న్యాయం కొంత ఉన్నదని నాకు అనిపిస్తున్నది.

మీ ఉత్తరంలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించిన విషయం ఒకటి ఉన్నది. వారమంతా ఎవరెవరు ఏమేమి చేస్తారో మీరు రాశారు. మామగారు అభిషేకం చేయిస్తారు, ఆడపడుచు నోము పడుతుంది, మీవారు జపం చేస్తారు. వీటి వెనుక ఉన్న నానబోత, రుబ్బడం, తోమడం, పూలు తేవడం, పిలుపులు, వడ్డన, మళ్ళీ తోమడం ఎవరు చేస్తారో మాత్రం రాయలేదు. రాయనవసరం లేదనుకున్నారు కాబోలు. ఒకప్పుడు ఈ పనుల జాబితా తయారైన ఇళ్ళు వేరు. ఒక అత్తగారు, ఇద్దరు ముగ్గురు తోడికోడళ్ళు, పుట్టింట్లోనే ఉండే ఒక మేనత్త, పెరట్లో పూలు, నీళ్ళు తోడే మనిషి ఉన్న ఇంటికి సరిపోయే పనుల పట్టిక అది. అక్కడ ఒకరు మడి కట్టుకుని పొయ్యి దగ్గర ఉంటే ఒకరు పూలు గుచ్చేవారు, ఒకరు పిల్లలను చూసుకునేవారు, ఒకరు గడప దగ్గర నిలబడి వచ్చిన ముత్తైదువులకు పసుపు రాసేవారు. ఇప్పుడు ఆ మనుషులందరూ పోయి పట్టిక మాత్రం మిగిలింది. మీరు అలసిపోతున్నది నలుగురి పని ఒక్కరే చేయడం వల్ల. దానికి మీ భక్తిలో లోపం వెతుక్కోవలసిన పని లేదు.

అందుచేత ఏ పూజ మానాలి అనే ప్రశ్న మీకు అవసరం లేదని నా అభిప్రాయం. ప్రతి పూజలోనూ వ్రతానికి చెందినదేది, కాలక్రమంలో దాని చుట్టూ చేరినదేది అని విడదీసి చూస్తే చాలు. సంకల్పం చెప్పుకునేటప్పుడు "సంభవద్భిః ద్రవ్యైః, సంభవద్భిః ఉపచారైః, సంభవతా నియమేన" అని పురోహితుడు మీ చేత పలికిస్తాడు. సమకూరిన ద్రవ్యాలతో, చేయగలిగిన ఉపచారాలతో, పాటించగలిగిన నియమంతో చేస్తానని అమ్మవారికి మీరు ముందే విన్నవించుకుంటున్నారు. ఆవిడ ఒప్పుకున్న పద్దు అంతవరకే. దాని పైన ఉన్నదంతా మనం రాసుకున్నదే.

సోమవారం అభిషేకం గుడిలో జరుగుతుంది కనుక మీరు దానిని పట్టించుకోవద్దు. పాలు, కొబ్బరికాయ, మారేడుదళాలు మామగారు గుడి ముందే కొనుక్కోగలరు. ఆ సాయంత్రం మీ ఇంట్లో జరగవలసిన పని ఒక్కటే, మర్నాటి చలిమిడికి బియ్యం, వాయనానికి సెనగలు నానబోయడం. ఆ పని మీ పాప చేయగలదు.

మంగళవారానికి వస్తే, మొదటి ఏడాది నోముకు అయిదు జ్యోతులు, అయిదుగురు ముత్తైదువులు ఆచారం. రెండో ఏడు పది, మూడో ఏడు పదిహేను, అలా అయిదో ఏటికి పాతిక అవుతుంది. అంటే పెద్దలే కొత్త పెళ్ళికూతురికి చిన్న లెక్కతో మొదలుపెట్టారు, మీరు దానిని పెంచకండి. తడిబియ్యం వడగట్టి, మిక్సీలో వేసి, జల్లించి, బెల్లం కలిపి చలిమిడి చేసి, ప్రమిదలుగా వత్తి, నేతి వత్తులు వేయడం గంటలోపు పని. అట్లకాడకు నెయ్యి రాసి జ్యోతుల మీద పట్టి కాటుక తీసేది, కథ వినేది ఆడపడుచే. కనుక పిండి విసిరేది, సెనగలు వడగట్టేది, తాంబూలాలు సర్దేది కూడా తనే కావడం ఉచితం. నోము తనది. పుట్టింట్లో ఆడపిల్లకు పని చెప్పడం మీకు మొహమాటంగా ఉంటుందని తెలుసు, కానీ వచ్చే ఏడు అత్తవారింట్లో పది జ్యోతులు తను ఒక్కతే చేసుకోవలసి వచ్చినప్పుడు ఈ అలవాటు అక్కరకు వస్తుంది. ఈ మాట మీరు చెప్పకండి, అత్తగారి చేత చెప్పించండి. తల్లి చెబితే కూతురికి నేర్పినట్లు ఉంటుంది, వదిన చెబితే వంక పెట్టినట్లు ఉంటుంది.

అదే రోజు ఏకాదశి కూడా కనుక ఇంకొక జాగ్రత్త అవసరం. మీ అత్తగారు షుగరుకు మాత్రలు వాడుతుంటే ఉపవాసం చేయవచ్చునో లేదో వైద్యుణ్ణి అడిగి తీరవలసిందే, ఎందుకంటే మాత్ర వేసుకుని తిండి మానేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉన్నది. ఆవిడ ఒప్పుకోకపోతే శాస్త్రం మాటే చెప్పండి. నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం, ఈ ఎనిమిదీ వ్రతభంగం చేయవని ప్రసిద్ధమైన శ్లోకం ఉన్నది. పాలూ పండూ తీసుకుని మాత్ర వేసుకున్నంత మాత్రాన ఆవిడ ఏకాదశి చెడదు. బియ్యంపిండి ప్రసాదమైన చలిమిడిని ఏకాదశి ఉన్నవారు బుధవారం ద్వాదశి పారణలో తీసుకోవచ్చు.

బుధ, గురువారాలు మీ ఆఫీసు లెక్కలకు వదిలిపెట్టండి. సెనగల సంగతి ఏమిటని అడుగుతారేమో. శ్రావణంలో తెలుగు వారి ఫ్రిజ్ తెరిస్తే సెనగలు తప్ప మరొకటి కనిపించదు. మనం ఇచ్చినవి, మనకు వచ్చినవి, పక్కింటి వారు తినలేక మన ఇంటికి పంపినవి అన్నీ చేరతాయి. ఒక పూట గుగ్గిళ్ళు, ఒక పూట వడలు వేసి, మిగిలినవి ఎండలో ఆరబోసి డబ్బాకు ఎత్తండి. ప్రసాదం పారేస్తే పాపమని ప్రతిరోజూ అవే తిని కడుపు పాడుచేసుకోవద్దు.

ఇక శుక్రవారం. మీ వారం మొత్తం బరువు ఇక్కడే ఉన్నది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఆ రోజు చదివే చారుమతి కథను మీరు చిన్నప్పటి నుంచి వింటున్నారు. అమ్మవారు కలలో కనబడి వ్రతం చేయమన్నప్పుడు చారుమతి ఏం చేసింది? ముందు భర్తకూ అత్తమామలకూ చెప్పింది. వాళ్ళు సంతోషించి సరే అన్నారు. ఆ మాట విని కుండిన నగరంలోని ఆడవాళ్ళందరూ శ్రావణ శుక్రవారం కోసం ఎదురుచూసి, ఆ రోజున స్నానాలు చేసి పట్టుచీరలు కట్టుకుని చారుమతి ఇంటికే చేరి, మండపం వేసి, కలశం పెట్టి అందరూ కలిసి పూజ చేశారు. ప్రదక్షిణకు ప్రదక్షిణకు గజ్జెలూ కంకణాలూ ఆభరణాలూ వచ్చింది ఆ ఊరి ఆడవాళ్ళందరికీ. ఒక్క చారుమతి తెల్లవారుజామున లేచి పాతికమందికి వండి, వాళ్ళు వచ్చి తాంబూలం తీసుకుని వెళ్ళిన తర్వాత అంట్లు తోమినట్లు కథలో ఎక్కడా లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో ఈ వ్రతం చేసుకునే ఇళ్ళు మూడో నాలుగో ఉంటే ఒక ఇంట్లో మండపం పెట్టి కలిసి చేసుకోవడం కథకు దగ్గరగా ఉండే పద్ధతి. ఆచారం ఒప్పుకోదనుకుంటే ఎవరి కలశం వారి ఇంట్లోనే పెట్టుకుని వంట మాత్రం పంచుకోండి, ఒకరు పులిహోర, ఒకరు బూరెలు, ఒకరు గారెలు.

పూజకు కావలసినది కలశం, మామిడాకులు, కొబ్బరికాయ, దాని మీద రవికల గుడ్డ, పసుపు కుంకుమలు, పూలు, తొమ్మిది పోగుల తోరాలు, నైవేద్యం. కలశానికి చీర కుచ్చిళ్ళు పెట్టి కట్టి, చేతులు అమర్చి, నగలు వేసి, వెనుక తెర కట్టి, దీపాల తోరణం వేలాడదీయడం ముచ్చటే, నేను కాదనను, కానీ దానికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలలో ఎక్కువ భాగం ఫోనులో ఫొటో కోసమేనని అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనరు. ఈ ఏడు రవికల గుడ్డతో సరిపెట్టండి. అలంకారం మీద మీ పాపకు సరదా ఉంటే గురువారం రాత్రి మండపం దాని చేతికి వదిలేయండి, వంకరగా వచ్చినా సరిచేయకండి. తోరాలకు దారం తొమ్మిది పోగులు పోసి, పసుపు రాసి, తొమ్మిది ముళ్ళు వేసి, మధ్యలో పువ్వు కట్టడం కూడా దానికి నేర్పండి.

నైవేద్యం ఇంట్లో, మడితో, కొద్దిగా చేయండి. మినప్పప్పూ బియ్యమూ బూరెల తోపుకు, సెనగపప్పు పూర్ణానికి గురువారం రాత్రే నానబోయండి. నానిన సెనగపప్పు కుక్కర్లో తొందరగా ఉడుకుతుంది, నీళ్ళు పూర్తిగా వంచేసి బెల్లంతో దగ్గరపడేదాకా తిప్పితే పూర్ణం జారిపోదు, నూనెలో బూరె పగలదు. తొమ్మిది బూరెలు, ఒక గిన్నెడు పులిహోర, పరమాన్నం చాలు. అమ్మవారికి నివేదన చేసేది ఇంట్లోదే అయినప్పుడు, సాయంత్రం పంచిపెట్టడానికి కావలసినవి బయట తెప్పించుకుంటే తప్పులేదని నా ఉద్దేశం. శ్రావణంలో బూరెలూ పులిహోరా అమ్మే ఇళ్ళూ దుకాణాలూ ఊరి నిండా ఉన్నాయి, గురువారం రాత్రికల్లా చెప్పి పెట్టుకోవాలి.

పాతికమంది పేరంటాన్ని ఆ సాయంత్రమే పెట్టుకోవద్దు. ఈ 2025 శ్రావణంలో శుక్రవారాలు అయిదు వచ్చాయి. 8 తర్వాత 15, 22 ఇంకా ఉన్నాయి. పైగా ఆగస్టు 15 అందరికీ సెలవు. పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం వ్రతం ముగించి, దగ్గరి ముత్తైదువులు అయిదుగురికి ఆ పూటే వాయనాలిచ్చి, మిగిలిన వారిని 15న పిలవండి. వచ్చేవారికీ అదే సుఖం, ఎందుకంటే 8న ప్రతివారి ఇంట్లోనూ వ్రతమే, అందరూ అందరి ఇళ్ళకూ పరుగులే. మీరు అడగలేదు కానీ ఈ సందర్భంలోనే ఒక మాట. వ్రతం రోజుకు ఇబ్బంది వస్తుందేమోనని నెలసరిని వెనక్కి జరిపే మాత్రలు వైద్యులను అడగకుండానే మందుల దుకాణంలో కొనుక్కుని మింగేవారు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. ఆ శుక్రవారం వీలుకాకపోతే శ్రావణంలోనే మరో శుక్రవారం చేసుకునే ఆచారం తెలుగునాట ఎప్పటి నుంచో ఉన్నప్పుడు ఆ మాత్రల అవసరం ఏమున్నది?

మీవారి విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో ఆయన శనివారం జంధ్యం మార్చుకుంటారు, ఆదివారం జపం చేస్తారు, మధ్యలో మీ కోపానికి గురవుతారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన ఏం చేస్తున్నట్లు? గురువారం తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్ళి పూలు తేవడం, ఇత్తడి సామాను చింతపండుతో తోమడం, మామిడి తోరణం కట్టడం, కొబ్బరికాయలు పీచు తీయడం, శుక్రవారం ఉదయం పాపను బడికి సిద్ధం చేయడం ఆయన పనులని ఈరోజే చెప్పండి. వంటింట్లోకి రావడానికి ఆయన మొహమాటపడితే ఒక మాట గుర్తు చేయండి. మన పెళ్ళిళ్ళలో మడికట్టుకుని వేల బూరెలు వేసే వంటబ్రాహ్మలందరూ మగవాళ్ళే. పెళ్ళి పందిట్లో పనికివచ్చిన చేతులు సొంత వంటింట్లో ఎందుకు పనికిరావో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఇవన్నీ కోపం వచ్చిన రాత్రి చెబితే దెప్పినట్లు ఉంటుంది. సెలవు రోజు పొద్దున కాఫీ తాగుతూ కాగితం మీద రాసి ఇవ్వండి.

అత్తగారితో ఎలా మాట్లాడాలన్నారు. "నేను చేయలేను" అని మొదలుపెట్టకండి, ఆ మాట ఆవిడ చెవికి "నాకు ఇష్టం లేదు" అని వినిపిస్తుంది. ఆవిడ కొత్త కోడలిగా ఉన్నప్పుడు శ్రావణ శుక్రవారం ఎలా జరిగేదో అడగండి. ఎవరు వండేవారు, ఎవరు పూలు గుచ్చేవారు, పేరంటానికి ఎంతమంది వచ్చేవారు అని. చెబుతున్నకొద్దీ పేర్లు వస్తాయి. ఆ పేర్లన్నీ అయిన తర్వాత, ఇప్పుడు ఈ ఇంట్లో ఆ పనులకు ఎవరున్నారో ఆవిడే లెక్క చూసుకుంటారు. అప్పుడు మీరు అడగవలసినది ఒక్కటే, "వీటిలో మీకు తప్పకుండా జరగాలనిపించేది ఏది?" అని. చాలామంది పెద్దవారికి అన్నీ జరగాలని ఉండదు, ఒకటో రెండో గట్టి పట్టింపులు ఉంటాయి. ఆవిడకు బూరెల పట్టింపా, పాట పాడి హారతి ఇవ్వడమా, ఫలానా పిన్నిగారికి తప్పకుండా వాయనం అందడమా అన్నది మీకు తెలిస్తే, అది లోపం లేకుండా జరిపించి మిగిలినదానిలో చేయి తేలిక చేసుకోవచ్చు. కూర్చుని చేసే పనులు, తాంబూలాలు సర్దడం, వత్తులు చేయడం, కథ చదవడం ఆవిడకే అప్పగించండి. మోకాళ్ళ నొప్పితో పక్కకు జరిగిన పెద్దావిడ కోడలి పనికి వంకలు పెట్టడం చాలా ఇళ్ళలో చూస్తాం. చేతికి పని దొరికితే ఆ వంకలు సగం తగ్గుతాయి. అన్నట్టు, కథ ఆవిడ చదివితే మీకు నిద్ర పట్టినా తట్టి లేపరు.

శనివారం ఉపాకర్మను ఇంట్లో పెట్టుకోనవసరం లేదు. నల్లకుంట శంకరమఠం వంటి చోట్ల సామూహికంగా జరుగుతుంది, తండ్రీ కొడుకులిద్దరూ పంచెలు కట్టుకుని అక్కడికి వెళ్ళి జంధ్యాలు మార్చుకుని వస్తారు. ఆడపడుచు ఇంట్లోనే ఉన్నది కనుక రాఖీకి ప్రయాణాలూ లేవు. ఆ పూట పప్పు, చారు, పెరుగు, ముందు రోజు మిగిలిన పులిహోర చాలు. మీరు మధ్యాహ్నం తలుపు వేసుకుని పడుకోండి.

ఆదివారం భోజనాలు మాత్రం ఈసారి వద్దనే చెబుతాను. గాయత్రీ జపం 1008 అంటే మీవారు కదలకుండా కూర్చోవలసిన పని, ఇంటి నిండా బంధువులుంటే ఆ జపం సాగదు, వంటింట్లో మీరూ సాగరు. ఉపాకర్మకు భోజనాలు పెట్టి తీరాలన్నది మీ ఇంటి ముచ్చటే కానీ విధి కాదు. పిలిచినవారు మీ అత్తగారి వైపు వారా, మామగారి వైపు వారా అన్నది మీరు రాయలేదు. ఎవరి వైపు వారైతే వారే ఫోను చేసి భోజనాలు భాద్రపదంలో చవితి అయిన తర్వాత పెట్టుకుందామని చెప్పడం మర్యాదగా ఉంటుంది, మీరు చేయవద్దు. ఆ ఫోనులు ఆదివారం దాకా ఆగకుండా ఈ రెండు రోజుల్లోనే వెళ్ళాలి, ఊరి నుంచి వచ్చేవారు ఉంటే టిక్కెట్లు రద్దు చేసుకోవడానికి వారికీ వ్యవధి ఉండాలి కదా.